గడువు అడగని తాత

తాత పోయాడన్న కబురు మాకు పలాస బస్టాండులో అందింది. నెలనెలా మొదటి సోమవారం అమ్మను టెక్కలి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను. ఆ రోజు కూడా బస్సు కోసం నిలబడి ఉన్నాం. మా ఊరి నుంచి చేపలు అమ్ముకోడానికి వచ్చినామె మమ్మల్ని చూసి బుట్ట కిందికి దించింది. "మీకు తెల్దేటి? తాత తెల్లారగట్ల ఎల్లిపోనాడు" అంది.

అమ్మ మందుల సంచి మూతి ముడేసింది. తర్వాత, "ఎప్పుడెల్తాడో ఎవులికీ సెప్పకండానే ఎల్లిపోనాడు. మంచి పని సేసినాడు" అంది. చావు కబురు చెబితే మంచి పని అనడమేమిటని ఆ చేపలామె నోరు తెరిచింది. నాకు మాత్రం అర్థమైంది. మాత్రలు ఇంకా రెండు రోజులకు సరిపడా ఉన్నాయి. తాత ఉంటే 'ముందు మందు, తరవాతే ఏడుపు' అని తిట్టేవాడే. ఆ ఒక్కరోజుకి ఆయన మాట కాదని వెనక్కి తిరిగాం.

తాత నాకు రక్తసంబంధం కాదు, ఊరందరికీ తాతే. ఆయన పని గాలి వదిలించడం. మా ఉద్దానం తీరంలో మనిషి తనలో తాను మాట్లాడుకున్నా, అన్నం మానేసి గోడ వంక చూస్తూ కూర్చున్నా, లేనివాళ్ల గొంతు వినబడుతోందన్నా, గాలి సోకిందంటారు. గాలంటే చచ్చినవాళ్లది, ముఖ్యంగా సముద్రం తీసుకుని శవాన్ని తిరిగి ఇవ్వనివాళ్లది. నేనిప్పుడు ఆశా కార్యకర్తను. గాలీ లేదు ధూళీ లేదు, అది జబ్బు, దానికి మందుంది అని ఇంటింటికీ తిరిగి చెబుతాను. ఆ పని నాకు నేర్పినవాడు ఒక భూతవైద్యుడంటే మా మీటింగుల్లో నవ్వుతారు. నవ్వనీ.

ఆయన పద్ధతి ఆయనది. రెండు పీటలు వేయించేవాడు. ఒకదాని మీద జబ్బు మనిషి, పక్కనే ఇంకొకటి ఖాళీగా. ఆ ఖాళీది గాలికి. "నువ్విక్కడ కూకో. పీటేసినాను గదా, ఆ మనిసినొగ్గీ" అని చుట్టానికి చెప్పినట్టు మర్యాదగా చెప్పేవాడు. నిమ్మకాయలు, వేపరొట్ట, సాంబ్రాణి అంతా చూడ్డానికొచ్చిన జనం కోసం. అసలు పని మూడు మాటల్లో ఉండేది. నువ్వెవరు, నీకేం కావాలి, ఎప్పుడు పోతావు. మూడోదానికి గాలి ఏదో ఒక రోజు చెప్పేది. అది గడువు. గడువు చెప్పిందంటే పని అయిపోయినట్టే. కొబ్బరికాయ కొట్టి అందరూ ఇళ్లకు పోయేవారు.

చిన్నప్పుడు నాకు ఆ ఖాళీ పీట వంక చూడాలంటే భయం. చుట్టూ ఉన్నవాళ్లంతా దాన్ని తప్పించుకుని నడిచేవారు. మాట్లాడితే దాని వైపు కాకుండా పక్కకు తిరిగి మాట్లాడేవారు. మనుషులకైతే ఎవరో చెప్పి ఉంటారు. కోళ్లు కూడా దాని చుట్టూ తిరిగి పోయేవి గానీ పైకి ఎక్కేవి కావు.

నేను కాస్త పెద్దయ్యేసరికి తాత ఈ పని దాదాపు మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు. మాకు కనిపించిందల్లా ఒక వింత అలవాటు. తాత నోట 'ఎప్పుడు' అన్న మాట రాదు. బస్సెప్పుడని అడగడు, వచ్చేదాకా నిలబడతాడు. పెళ్లికి పిలిస్తే ముహూర్తం అడగడు, పొద్దున్నే వెళ్లి కూర్చుంటాడు. ఒకసారి కండక్టరు ఉండబట్టలేక, "తాతా, నీకు ఎన్ని గంటల బస్సు గావాల?" అనడిగితే, "వొచ్చిందే గావాల" అన్నాడట. ఊళ్లో కుర్రకారుకి ఇదో ఆట. నేనూ ఆడినదాన్నే. 'తాతా, మళ్లీ ఎప్పుడొత్తావు' అంటే చాలు, విననట్టు వెళ్లిపోయేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. అలాంటప్పుడు గడ్డితో బొమ్మ చేసి, మనిషి పేరు పెట్టి, దహనం చేసి కర్మ ముగిస్తారు. అమ్మ ఒప్పుకోలేదు. గాజులు తీయనివ్వలేదు. పొద్దు వాలే వేళకి సముద్రం వైపు గుమ్మంలో నాన్న పీట వేసి, నాన్న కంచంలో అన్నం పెట్టేది. నేనప్పుడు పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే పనిలో ఉండేదాన్ని. వారానికోసారి ఇంటికి వచ్చేదాన్ని. మొదట్లో అమ్మ పీటతో మాట్లాడుతుంటే దుఃఖం అనుకున్నాను. కొన్నాళ్లకు, మాట్లాడి ఆగి, జవాబు విని, మళ్లీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. మనం ఎదుటి మనిషి మాట ముగిసేదాకా ఎంతసేపు ఆగుతామో సరిగ్గా అంతసేపే ఆగేది.

అలా రెండేళ్లు గడిచాయి. తర్వాత అమ్మకు తిండి తగ్గింది, నిద్ర కరువైంది. ఆ ఏడాది వలల్లో చేప కూడా పడలేదు. ఊళ్లో పెద్దలు అమ్మ తమ్ముణ్ణి, అంటే మా మావను, పిలిచి నిలదీశారు. "మీ అప్ప రోజూ సచ్చినోడిని ఒడ్డుకి పిలుత్తంది. ఏటకెల్లినోల్లకి ఏటైనా అయితే ఎవులిదిరా పూసీ? గాలిని పంపీసీ, నేదా మీ అప్పని ఎక్కడికైనా తీసుకుపో" అన్నారు. మావ వెళ్లి తాత కాళ్లు పట్టుకున్నాడు. తాత రానన్నాడు. మావ కాళ్లు వదల్లేదు. చివరికి, "వొత్తాను గానీ, రెండు మాటలే అడుగుతాను. మూడోది అడగమనీకండి" అని మాట తీసుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. మా వాకిలి నిండా జనం. అమ్మ ఒక పీట మీద, పక్కన నాన్న పీట. తాత ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని అడిగాడు.

"ఎవులు నువ్వు?"

అమ్మ దగ్గింది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు, ఆ చివర గొంతు సవరింపు. చుట్ట తాగి తాగి నాన్నకు పట్టిన దగ్గు అది. పాతికేళ్లు పక్కన బతికిన మనిషికి ఆ దగ్గు రావడంలో వింతేముంది అని ఇప్పుడు నేను వందమందికి విడమరిచి చెప్పగలను. ఆ రోజు మాత్రం నేను నాన్న కోసం చుట్టూ చూశాను. జనంలోంచి ఎవరో "ఓలమ్మో" అన్నారు.

"నాను తెల్దేటి?" అంది అమ్మ, బొంగురు గొంతుతో.

"ఏటి గావాల?"

"సలేత్తంది. ఒక్కడినే ఉన్నాను. నా మనిసి గావాల."

తాత తల దించుకున్నాడు. ఇక అడగడని నాకు తెలిసిపోయింది. మావకు ఓపిక లేదు. పెద్దలు వెనకే నిలబడి ఉన్నారు. మాట ఇచ్చిన సంగతి మరిచి ముందుకొచ్చి, "సరే గానీ, ఎప్పుడెల్తావు? అది సెప్పు" అని అడిగేశాడు.

"అమాసకెల్తాను."

మావ వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. నాలుగు రోజులు. పెద్దలు హమ్మయ్య అనుకున్నారు. మా అత్త కొబ్బరికాయ కోసం లోపలికి పరిగెత్తింది. అమ్మ నవ్వింది. నాన్న పోయాక మొదటిసారి చూశానా నవ్వు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదీ నా మూర్ఖత్వం, దాచుకోను.

తాత ఒక్కడే లేచి నిలబడ్డాడు. ఖాళీ పీట వంక తిరిగి, "ఎల్లొద్దు. ఉండు. ఈ ఇంట్లోనే ఉండిపో. నిన్నెవులూ ఎల్లమన్రు" అని అరిచాడు.

గాలిని పొమ్మనాల్సినవాడు ఉండిపొమ్మంటున్నాడు! వాకిట్లో గగ్గోలు లేచింది. "తాతకే గాలి పట్టినాది" అన్నాడొకడు. మావ తాత చెయ్యి పట్టి లాగాడు. "ఏటి సేత్తన్నావు తాతా? ఎల్తానన్నోడిని ఉండమంతావేటి?"

"ఎల్తానన్నది ఆడు గాదురా నాయనా" అన్నాడు తాత. "మీ అప్ప."

అప్పుడు చెప్పాడు, అన్నేళ్లు కడుపులో పెట్టుకున్నది. జీడితోటల వైపు ఒక ఊళ్లో ఒక పిల్ల. తొలి కాన్పు అయిన నెలకే గొంతులు వినబడుతున్నాయంది, బిడ్డను ముట్టలేదు. తాతను పిలిచారు. పీట వేశాడు, మూడు మాటలూ అడిగాడు. అమాసకెల్తాను అంది గాలి. ఇంట్లోవాళ్లు సంతోషించి తాతకు కొత్త పంచె పెట్టి సాగనంపారు. అమావాస్య నాడు పొద్దున్నే ఆ పిల్ల సముద్రంలోకి వెళ్లిపోయింది. ఎవరూ తాతను తప్పు పట్టలేదు. గాలి మాట తప్పలేదు, పోతూ పోతూ పిల్లను తీసుకుపోయింది అనుకున్నారు. "పంచె ఎనక్కి తీసుకోమన్నా తీసుకోనేదు" అన్నాడు తాత. "ఆ పిల్ల నాతోనే సెప్పింది, నా ముందరే సెప్పింది, ఫలానా నాడు సచ్చిపోతానని. నాను కొబ్బరికాయ కొట్టినాను."

మా అత్త చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంది. అమ్మ మాత్రం పీట వంక చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉంది.

తాత ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు. గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. తెల్లారి అమ్మను టెక్కలి తీసుకెళ్లాం. అక్కడికి విశాఖ నుంచి ఒక మనసు జబ్బుల డాక్టరు వచ్చి చూస్తున్నాడని తాత ఎప్పుడో విని గుర్తు పెట్టుకున్నాడు. అమ్మ పీట లేకుండా కదలనంది. సరే, పీటా బస్సెక్కింది. తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జనం పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు, అందరికంటే ఎక్కువగా తాతనే.

డాక్టరు గదిలో తాత అమ్మ కుర్చీ పక్కన పీట వేశాడు. డాక్టరు చిన్నవాడే. ఇతను నవ్వితే లేచి వెళ్లిపోదామని నేను పళ్లు బిగించి కూర్చున్నాను. నవ్వలేదు. బల్ల కింద పీటకు తగులుతున్న తన కాలును పక్కకు జరుపుకున్నాడు. ఎవరు కూర్చున్నారమ్మా అని అడిగి, చెప్పిందంతా విన్నాడు. తర్వాత దాపరికం లేకుండా, "నీకు చచ్చిపోవాలని ఉందా అమ్మా?" అని అడిగాడు. నేను అదిరిపడ్డాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అనుకున్నాను. అమ్మ ఎంతో తేలిగ్గా, ఎవరైనా ఈ మాట అడిగితే చాలన్నట్టుగా, "ఉన్నాది బాబూ" అంది.

తాత బయటికొచ్చి గోడకానుకుని కూలబడ్డాడు. "ఇన్నేల్లు గాలినడిగినాను" అన్నాడు. "మనిసిని ఒక్కసారీ అడగనేదు."

ఇది జబ్బే, మందుకు లొంగుతుంది, కానీ మాత్ర పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అందాకా క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు అన్నాడు డాక్టరు. ఆస్పత్రిలో ఉంచమన్నాడు కూడా. అమ్మ ససేమిరా అంది, మావ భయపడ్డాడు. తాత పూచీ పడ్డాడు. చివరికి డాక్టరు, "మీరు పీట వేయండి, నేను మందిస్తాను. కాస్త తేడాగా ఉన్నా వెంటనే తీసుకొచ్చేయండి" అన్నాడు.

అమావాస్య వచ్చింది. ఆ రోజు మా తీరంలో వేటకు వెళ్లరు. ఒడ్డంతా తెప్పలు బోర్లించి ఉన్నాయి, మనుషుల అలికిడి లేదు. సముద్రం అరుపు మాత్రం ఇంటి వెనకే ఉన్నట్టు వినబడుతోంది. అమ్మ తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది, ఉతికిన కోక కట్టుకుంది. ఆ ముస్తాబు చూసి నాకు ఏడుపు ఆగలేదు. మావ గుమ్మంలో, నేను అమ్మ పక్కన, తాత పీటకు ఎదురుగా. పొద్దు వాలుతుంటే అమ్మ లేచింది. "యాలయింది" అంది.

మావ అడ్డం లేచాడు. తాత చేత్తో ఆగమన్నాడు. అమ్మతో ఏమీ అనలేదు. పీటతోనే మాట్లాడాడు. "నువ్వు ఉండిపో నాయనా. నువ్వుంటే ఆమె ఉంటాది. సలేత్తే దుప్పటిత్తాం. ఆకలేత్తే అన్నమెడతాం. ఈ ఇంటికాడ నీకు గడువు నేదు." మావ తన భుజం మీది దుప్పటి తీసి పీట మీద కప్పాడు.

అమ్మ చాలాసేపు నిలబడి విన్నది. మేం వినలేనిది ఏదో విన్నది. తర్వాత, "ఉంతానంతన్నాడు" అని మళ్లీ కూర్చుంది. కూర్చుని, రెండేళ్లుగా రాని ఏడుపు ఏడ్చింది. వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఒకరొకరే ఆడవాళ్లు వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. నాన్నకు చేయాల్సిన ఏడుపు ఊరంతా కలిసి ఆ రోజు చేసినట్టయింది. తెల్లారాక అమ్మ చద్దన్నం అడిగింది.

మాత్రలు నెమ్మదిగా పని చేశాయి. అమ్మ కోలుకుంది అని రాసేస్తే సుఖంగా ఉంటుంది గానీ, అది సగం నిజం. నాన్న గొంతు తగ్గుతూ వచ్చిందని అమ్మ రెండోసారి విధవ అయినట్టు కుమిలిపోయింది. ఒకసారి ఆ గొంతు కోసమే మాత్రలు మానేసింది. నేను కేకలేశాను. తాత కేకలెయ్యలేదు. "మాటినాలనిపించడం తప్పేటి? రోజూ ఒక పూట నాన్న మాటలు నువ్వు సెప్పు, మీయమ్మ ఇంటాది. మాత్ర మాత్తరం ఏసుకోవాల" అన్నాడు. అలా రోజూ నాన్న సంగతులు చెప్పుకోవడం మాకు అలవాటైంది.

ఆ తర్వాత తాత మళ్లీ పని మొదలుపెట్టాడు. గాలి వదిలించమని కబురొస్తే కాదనేవాడు కాదు. పీటలు వేసేవాడు, రెండు మాటలే అడిగేవాడు, మర్నాడు మనిషిని బస్సెక్కించేవాడు. నేను కార్ఖానా మానేసి ఆయన వెంట తిరగడం, తర్వాత ఆశాగా చేరడం అలా జరిగాయి. ఎవరైనా గడువు అడగమని పట్టుబడితే, సంచిలోంచి ఒక మూట తీసి విప్పేవాడు. కట్టని కొత్త పంచె, మడతల్లో పసుపుపచ్చగా మారిపోయింది. అది చూపించి ఆ పిల్ల కథ చెప్పేవాడు. "మన తగువు గాలితో గాదు, గడువుతో" అనేవాడు.

కంచిలి దగ్గర ఒక తోటలో, కూలికి దూరదేశం పోయి మతి చెదిరి వచ్చిన ఒకతన్ని జీడిచెట్టుకి కొబ్బరితాడుతో కట్టి ఉంచారు. విప్పమంటే, కొడతాడని భయమన్నారు. తాత తన కాలు కూడా అదే తాడుతో కట్టించుకుని అతని పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండలో ఇద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగారు. సాయంత్రానికి అతని తల్లి వచ్చి రెండు ముళ్లూ తనే విప్పింది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇలా జరగలేదు. కొన్ని ఇళ్లలో మమ్మల్ని తిట్టి పంపారు. ఇద్దరిని మేం కాపాడుకోలేకపోయాం. వాళ్ల అమావాస్యలు కూడా తాతకు గుర్తుండేవి. ఆ రోజుల్లో అన్నం ముట్టేవాడు కాదు.

చివర్లో మా ఉద్దానంలో ఇంటికొకరిని పట్టుకున్న కిడ్నీ జబ్బే తాతనూ పట్టుకుంది. ఒళ్లు పొంగింది. ఎన్నాళ్లుంటాడని వాళ్లూ వీళ్లూ డాక్టర్లను అడిగారు గానీ, తాత అడగలేదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా అమ్మ మాత్రల గురించే వాకబు చేసేవాడు. కడసారి వెళ్లినప్పుడు నేను లేచి, అలవాటు కొద్దీ, "మల్లీ ఎప్పుడు రమ్మంతావు తాతా?" అనేశాను. నాలుక కరుచుకున్నాను. తాత నవ్వాడు. "వొచ్చినప్పుడు రా" అన్నాడు.

ఆ పంచె మూట ఆయనతోపాటే పంపించాం.

పెద్దకర్మ అయిన మర్నాడు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో సముద్రం వైపు రెండు పీటలు వేసి ఉన్నాయి. నాన్నది అన్నేళ్లూ అక్కడే ఉంది, దాన్ని మేం పట్టించుకోవడం మానేశాం. రెండోది తాత సంచిలో వేసుకుని తిరిగిన పీట. అమ్మ అడిగి తెచ్చుకుందట. దాని మీద కాస్త తడి ఇసుక ఉంది. సముద్రపు ఒడ్డు ఊరు, ఇసుక ఎక్కడైనా పడుతుంది. అమ్మ రాత్రి మాత్ర వేసుకుని, మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించింది.

తాత గొంతు వినబడుతోందా అని అడగాల్సిన బాధ్యత నాది. అడిగాను.

"నేదు" అంది అమ్మ. "ఊరికే కూకున్నాడు."

డాక్టరుకు ఈ సంగతి చెప్పాలని మనసులో రాసుకున్నాను. ఎన్నాళ్లుంటాడమ్మా అన్న మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. లోపలికి పోయి దుప్పటి తెచ్చి, రెండు పీటలకూ సరిపోయేలా కప్పాను.